ఐఎం ఫెల్ ఫాంట్లు: ఆక్స్‌ఫర్డ్ పాలకుడొకరు తెప్పించిన అక్షరాలు

ఒక కుటుంబం తమ తాతముత్తాతల నాటి ఉత్తరాలను పుస్తకంగా వేయించుకోవాలని నా దగ్గరికి వచ్చింది. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో దాని ఇంగ్లిషు అనువాదం. డెమీ సైజు, రెండు వందల నలభై పేజీలు, లేత పసుపు ఛాయ ఉండే నేచురల్ షేడ్ కాగితం. తెలుగుకు మండలి ఫాంటు వాడాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను గానీ ఇంగ్లిషు పేజీ దగ్గర ఆగిపోయాను. కంప్యూటరుతో పాటు వచ్చే మామూలు అక్షరం వేస్తే, ఎడమ పేజీలో ఒక మనిషి మాట్లాడుతున్నట్టూ కుడి పేజీలో ఆఫీసు సర్క్యులర్ చదువుతున్నట్టూ ఉంది. పది పన్నెండు ఫాంట్లు వేసి చూశాక ఐఎం ఫెల్ అనే ఉచిత ఫాంట్ల దగ్గర నిలిచాను. ఆ పుస్తకం అచ్చయి చేతికి వచ్చింది, ఆ తరువాత మరో రెండు చిన్న పుస్తకాల్లోనూ వాటినే వాడాను. ఆ అనుభవం మీద రాస్తున్న సమీక్ష ఇది. ఈ ఫాంట్ల గురించి రాయాలంటే ఆ పేరు గల మనిషి గురించి కూడా వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే వీటి గుణాలూ దోషాలూ చాలా వరకు ఆయన చేసిన ఉద్యోగం నుంచి వచ్చినవే.

జాన్ ఫెల్ అక్షరాలు చెక్కిన శిల్పి కాడు, అచ్చు పని నేర్చినవాడూ కాడు. పదిహేడవ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాన్ని నడిపిన పాలకుడు. 1660 నుంచి మరణించే వరకు క్రైస్ట్ చర్చ్ కళాశాలకు డీన్, అంటే అధిపతి, 1666 నుంచి 1669 వరకు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్, 1676 నుంచి డీన్ పదవిని వదలకుండానే ఆక్స్‌ఫర్డ్ బిషప్. ఆయన ఐరోపా నుంచి కొనిపించిన, తన ఊళ్లో చెక్కించిన లోహపు అక్షరాలను మూడు శతాబ్దాల తరువాత ఇటలీకి చెందిన ఇగీనో మారీనీ కంప్యూటరులోకి తెచ్చారు. పేరు ముందున్న ఐఎం ఆయన పొడి అక్షరాలే. గూగుల్ ఫాంట్స్‌లో ఇవి ఐదు రకాలుగా దొరుకుతాయి: డీడబ్ల్యూ పైకా, ఇంగ్లిష్, గ్రేట్ ప్రైమర్, డబుల్ పైకా, ఫ్రెంచ్ కానన్. ప్రతి రకానికీ నిటారు అక్షరం, వాలు అక్షరం, విడిగా చిన్న పరిమాణంలో ఉండే పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల ఫాంటు ఉన్నాయి. రుసుము లేదు, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి గనుక అమ్మే పుస్తకంలోనూ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

ఈ ఐదు పేర్ల దగ్గరే మనవాళ్లు పొరబడతారు, నేనూ పొరబడ్డాను. ఐదూ ఒకే అక్షరానికి ఐదు అందాలు అనుకుని నచ్చినదాన్ని ఎంచుకుంటే పేజీ పాడవుతుంది. ఇవి పాతకాలపు అక్షర పరిమాణాల పేర్లు. పైకా అంటే మన లెక్కలో సుమారు పన్నెండు పాయింట్లు, ఇంగ్లిష్ అంటే భాష కాదు, సుమారు పద్నాలుగు పాయింట్ల అక్షరం. గ్రేట్ ప్రైమర్ పద్దెనిమిది దరిదాపు, డబుల్ పైకా దానికంటే పెద్దది, ఫ్రెంచ్ కానన్ నలభై పాయింట్ల దగ్గరగా ఉండే శీర్షికల అక్షరం. కంప్యూటరులో ఒకే అక్షరాన్ని కావలసినంత సాగదీసుకునే మనకు ఇది విచిత్రంగా తోస్తుంది గానీ, ఆ రోజుల్లో ప్రతి పరిమాణానికీ అక్షరమాల మొత్తాన్ని మొదటి నుంచి విడిగా చెక్కవలసిందే. చిన్న అక్షరానికి గీతలు దళసరిగా, లోపలి ఖాళీలు విశాలంగా ఉండాలి, లేకపోతే సిరా నిండిపోతుంది. పెద్ద అక్షరానికి గీత సన్నగా సాగవచ్చు. కాబట్టి పుస్తకం లోపలి పాఠానికి డీడబ్ల్యూ పైకా లేదా ఇంగ్లిష్, అధ్యాయాల పేర్లకు గ్రేట్ ప్రైమర్ లేదా డబుల్ పైకా, ముఖపత్రానికి ఫ్రెంచ్ కానన్ వాడాలి. నేను మొదట ఫ్రెంచ్ కానన్‌ను పన్నెండు పాయింట్లకు కుదించి నాలుగు పేజీలు కట్టి ప్రూఫు తీశాను. సన్నని గీతలు అక్కడక్కడా తెగిపోయి, వాక్యం మధ్యలో అక్షరాలు ఊడినట్టు కనిపించాయి. డీడబ్ల్యూ పైకాకు మార్చగానే అదే పేజీ నిండుగా, నల్లగా, స్థిరంగా నిలిచింది. ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పే మాట ఇదే: పేరు చూసి కాదు, పరిమాణం చూసి ఎంచుకోండి.

ఒక విశ్వవిద్యాలయ అధికారికి ఇన్ని పరిమాణాల అక్షరాలతో ఏం పని అన్న ప్రశ్నకు సమాధానం ఆయన జీవితంలోనే ఉంది. ఫెల్ 1625లో పుట్టారు. తండ్రి శామ్యూల్ ఫెల్ కూడా క్రైస్ట్ చర్చ్ డీన్‌గా, వైస్ ఛాన్సలర్‌గా పని చేసినవాడే. కొడుకు పదకొండేళ్లకే ఆ కళాశాలలో చేరాడు. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలయ్యాక ఆక్స్‌ఫర్డ్ మొదటి చార్లెస్ రాజుకు రాజధానిలా మారింది. చదువుకుంటున్న కుర్రవాళ్లు ఆయుధాలు పట్టారు, ఫెల్ కూడా రాజు పక్షాన సైన్యంలో చేరాడు. రాజు ఓడిపోయాడు. 1648లో పార్లమెంటు పంపిన అధికారులు విశ్వవిద్యాలయాన్ని ప్రక్షాళన చేయడానికి వచ్చినప్పుడు తండ్రి పదవి పోయింది. డీన్ నివాసాన్ని ఖాళీ చేయనని ఫెల్ తల్లి భీష్మించుకుని కూర్చుంటే, సైనికులు ఆమెను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మోసుకువచ్చి కళాశాల ఆవరణలో దించారు. మరుసటి ఏడాది జనవరి 30న రాజుకు శిరచ్ఛేదం జరిగింది. ఆ తరువాత రెండు రోజులకే తండ్రి మరణించాడు.

అప్పటికి ఇరవై మూడేళ్ల ఫెల్‌కు చేతిలో పదవి లేదు, కళాశాలలో చోటు లేదు. అయినా ఊరు వదిలి వెళ్లలేదు. పార్లమెంటు నిషేధించిన పాత పద్ధతి ప్రార్థనలను రిచర్డ్ ఆలెస్ట్రీ, జాన్ డాల్బెన్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి పదేళ్లకు పైగా ఇళ్లలో రహస్యంగా జరిపించాడు. అలా ప్రార్థనలు జరిగిన ఇల్లు మెర్టన్ కళాశాల ఎదుట ఉండేది. అందులో ఉన్న వైద్యుడు థామస్ విల్లిస్ ఫెల్ చెల్లెలిని పెళ్లి చేసుకున్నాడు, తరువాత మెదడు నిర్మాణాన్ని వివరించిన శాస్త్రజ్ఞుడిగా పేరు పొందాడు. 1660లో రాజరికం తిరిగి వచ్చినప్పుడు తండ్రిని గెంటివేసిన అదే నివాసంలోకి కొడుకు డీన్‌గా అడుగుపెట్టాడు. ఆ తరువాతి ఇరవై ఆరేళ్లు ఆయన చేసినదంతా ఒక్కటే పని: కూలిపోయిన సంస్థను తిరిగి లేపి, మళ్లీ ఎవరూ కదల్చలేనంత గట్టిగా నిలబెట్టడం. ఉపన్యాసాలు సరిగా జరుగుతున్నాయో లేదో స్వయంగా వెళ్లి కూర్చుని చూసేవారు. వాద పరీక్షలకు హాజరయ్యేవారు. విద్యార్థుల గదులకు వెళ్లి ఏం చదువుతున్నారో విచారించేవారు. కార్డినల్ వూల్జీ 1525లో మొదలుపెట్టి అర్ధాంతరంగా వదిలేసిన కళాశాల ఆవరణను పూర్తి చేయించారు. ముఖద్వారం మీద మొండిగా నిలిచిపోయిన గోపురాన్ని 1681, 1682 సంవత్సరాల్లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ చేత కట్టించి, 1680లో తిరిగి పోత పోయించిన గ్రేట్ టామ్ అనే ఆరు టన్నులకు పైబడిన గంటను అందులో వేలాడదీయించారు. నేటికీ ఆ గంట ప్రతి రాత్రి తొమ్మిదీ అయిదుకు నూట ఒక్కసారి మోగుతుంది.

గోపురం కట్టించిన డీన్లు, వైస్ ఛాన్సలర్లు ఇంకా చాలామంది ఉంటారు. ఫెల్‌ను వేరుగా నిలబెట్టినది ముద్రణాలయం. ఆ కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఒక జమాఖర్చు వివరం. అప్పటి ఛాన్సలర్ ఆర్చ్‌బిషప్ విలియం లాడ్ 1630లలో విశ్వవిద్యాలయానికి పుస్తకాలు అచ్చు వేసుకునే విస్తృతమైన హక్కులను రాజు దగ్గర సంపాదించి పెట్టాడు. బైబిళ్లు, పంచాంగాలు, బడి వ్యాకరణాలు వంటి బాగా అమ్ముడుపోయే పుస్తకాలు వేసే హక్కు కూడా వాటిలో ఉంది. లండన్‌లోని పుస్తక వ్యాపారుల సంఘానికి అది గిట్టలేదు. ఆ పుస్తకాలు వేయకుండా ఊరుకుంటే ఏటా 200 పౌన్లు ఇస్తామన్నారు, విశ్వవిద్యాలయం సరేనంది. అంటే అచ్చు వేయకుండా ఉండడమే ఆదాయంగా ఏళ్లు గడిచాయి. ఏ పనీ చేయకుండా వచ్చే డబ్బు కంటే పాలకులకు ఇష్టమైన డబ్బు ఉండదు. అందుకే దాన్ని వదులుకునే ధైర్యం ఎవరూ చేయలేదు. 1670ల ఆరంభంలో ఫెల్ మరో ముగ్గురిని కలుపుకుని, ఆ 200 పౌన్లు మేమే ఏటా విశ్వవిద్యాలయానికి కడతాం, అచ్చు హక్కు మాకు ఇవ్వండి అని కౌలుకు తీసుకున్నారు. ఆ ముగ్గురూ బ్రేజ్‌నోస్ కళాశాల అధిపతి థామస్ యేట్, జీసస్ కళాశాల అధిపతి లియోలైన్ జెంకిన్స్, రాజు కొలువులో ఉన్న జోసెఫ్ విలియమ్సన్. సంస్థకు నష్టం లేకుండా, తనకు నష్టం వచ్చే అవకాశం ఉన్నా, చేతగానితనాన్ని పనిగా మార్చిన ఏర్పాటు అది. పాలనలో ఇంతకంటే తెలివైన ఒప్పందం నేను చూడలేదు.

చోటు కూడా ఆయనే చూశారు. విశ్వవిద్యాలయపు పట్టప్రదానాలు, వాటితో పాటు నడిచే వేడుకలు అప్పటి దాకా సెయింట్ మేరీ చర్చిలో జరిగేవి. వాటిని దేవాలయం నుంచి తప్పించడానికి ఆర్చ్‌బిషప్ గిల్బర్ట్ షెల్డన్ సొంత ధనంతో, రెన్ నిర్మాణ పథకంతో షెల్డోనియన్ థియేటర్ కట్టించాడు. 1669లో, ఫెల్ వైస్ ఛాన్సలర్‌గా ఉండగానే అది తెరుచుకుంది. ఏడాదిలో కొద్ది రోజులే వేడుకలు. మిగతా రోజుల్లో ఆ భవనంలో ఫెల్ ముద్రణ యంత్రాలు నడిచాయి. ఆ కాలపు పుస్తకాల ముఖపత్రాల మీద ప్రచురణ స్థలంగా కనిపించేది ఆ థియేటర్ పేరే. 1713లో పక్కనే క్లారెండన్ భవనం సిద్ధమయ్యే వరకు ముద్రణాలయం అక్కడే ఉంది.

ఇక అక్షరాలు. పుస్తకాలు బాగా వేయాలంటే మంచి టైపు కావాలి, మంచి టైపు ఇంగ్లండులో లేదు. నిపుణులంతా ఫ్రాన్స్, నెదర్లాండ్స్ దేశాల్లో ఉన్నారు. అక్షరం తయారయ్యే తీరు తెలిస్తే ఈ ఇబ్బంది అర్థమవుతుంది. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు ఎదురుగా చెక్కి, ఉక్కును గట్టిపరచి, దాన్ని రాగి ముక్క మీద కొడితే అక్షరం గుంటగా పడుతుంది. ఆ రాగి గుంటను మూసకు అమర్చి కరిగిన సీసం పోస్తే ఒక అచ్చు అక్షరం వస్తుంది. సీసపు అక్షరాలు అరిగిపోతే కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. కానీ ఉక్కు కడ్డీలూ రాగి గుంటలూ ఎవరి దగ్గర ఉంటే వాళ్ల దగ్గరే అక్షరం ఉన్నట్టు. ఫెల్ ఈ సంగతి సరిగ్గా పట్టుకున్నారు. పోసిన అక్షరాలను కొనడంతో ఆగకుండా, ఆ రాగి గుంటలనే కొనాలని థామస్ మార్షల్‌ను పురమాయించారు. మార్షల్ హాలండులో ఉన్న ఇంగ్లిషు వర్తకులకు మతగురువుగా పని చేసినవాడు, భాషా పండితుడు. ఆయన ద్వారా 1670 తరువాతి రెండేళ్లలో ఐరోపా టైపు ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది. అందులో క్లోడ్ గారమాన్, రోబెర్ గ్రాన్‌జాన్ వంటి పదహారవ శతాబ్దపు ఫ్రెంచి నిపుణులు చెక్కినవీ ఉన్నాయి. 1676లో పీటర్ డి వాల్‌పెర్గెన్ అనే చెక్కుడు పనివాణ్ణి ఆక్స్‌ఫర్డ్‌కే రప్పించి పనిలో పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఫ్రాన్సిస్కస్ జూనియస్ అనే పండితుడు గోథిక్, రూనిక్, పాత ఇంగ్లిషు లిపుల టైపును విశ్వవిద్యాలయానికి కానుకగా ఇచ్చాడు. లాటిన్, గ్రీకులతో పాటు తూర్పు దేశాల లిపులు కూడా ఆ ముద్రణాలయంలో చేరాయి.

ఈ చరిత్రను పక్కన పెట్టి ఐఎం ఫెల్ ఫాంట్లను చూస్తే ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ఐదు రకాలూ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. ఇంగ్లిష్ పరిమాణం అక్షరాల పోకడ ఒకటి, గ్రేట్ ప్రైమర్ పోకడ మరొకటి. ఒకే పేజీలో మూడు పరిమాణాలు పెడితే మూడు చేతులు కనిపిస్తాయి. నేటి ఫాంటు కుటుంబంలో అన్నదమ్ముల పోలిక ఉంటుంది. ఇక్కడ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్ల పొందిక ఉంది. కొన్నవి కొన్ని, చెక్కించినవి కొన్ని కావడమే కారణం. నాకు ఇది మొదట చికాకు కలిగించిన మాట నిజం. పుస్తకం కట్టే కొద్దీ అలవాటైంది, చివరికి ఇష్టమైంది. అయితే ఇది అందరికీ నప్పదు. వార్షిక నివేదిక, ఆహ్వాన పత్రిక, ఉత్పత్తి వివరాల కరపత్రం వంటి చోట్ల తీరైన ఏకరూపత కావాలి. అక్కడ వీటిని వాడవద్దని గట్టిగా చెబుతాను.

అక్షరాన్ని దగ్గరగా చూద్దాం. డీడబ్ల్యూ పైకాలో ఏదైనా మాటను తెరమీద నాలుగు వందల శాతం పెంచి చూస్తే అంచులు నున్నగా ఉండవు. గీత పక్కన చిన్న ఉబ్బు, కాలి దగ్గర సిరా పాకినట్టు మెత్తదనం, కొన్ని అక్షరాలు వరుస నుంచి ఒక వెంట్రుకవాసి పైకో కిందికో జరిగినట్టు ఉంటాయి. లోహపు అక్షరం మీద సిరా పూసి తడి కాగితం మీద నొక్కినప్పుడు పడే ముద్రను మారీనీ చెక్కుచెదరకుండా ఉంచారు. ఉక్కు కడ్డీ ఆకారాన్ని ఊహించి శుభ్రం చేయలేదు. వాలు అక్షరాల్లో పెద్దబడి అక్షరాలన్నీ ఒకే కోణంలో వాలవు. ఒకటి ఎక్కువ ఒరిగితే పక్కది తక్కువ ఒరుగుతుంది. ముద్రించిన పన్నెండు పాయింట్ల పేజీలో ఇవేవీ విడివిడిగా కంటికి తెలియవు, అన్నీ కలిసి పేజీకి ఒక వెచ్చదనాన్ని ఇస్తాయి. నేచురల్ షేడ్ కాగితం మీద అయితే మరీ బాగుంటుంది. తెల్లని మ్యాప్‌లితో కాగితం మీద అదే పేజీ కొంచెం మురికిగా కనిపించింది; ఆర్ట్ పేపరు మీద అసలే పనికిరాలేదు, నిగనిగలాడే ఉపరితలం మీద ఆ గరుకుతనం తప్పులా తోచింది. ఫోను తెరమీద చిన్న పరిమాణంలో చదవడం కూడా కళ్లకు శ్రమ. ఇది కాగితం కోసం పుట్టిన అక్షరం.

ఈ గరుకుతనంలో మరో చిక్కుంది, ముఖపత్రాలు చేసేవాళ్లు గమనించాలి. సీసపు టైపులో ఒకే అక్షరం వందసార్లు వస్తే వంద ముక్కలు వేరు, వాటి అరుగుదల వేరు, సిరా పట్టిన తీరు వేరు. కంప్యూటరు ఫాంటులో ఉన్నది ఒకే బొమ్మ. శీర్షికలో ఒకే అక్షరం పక్కపక్కన రెండు వస్తే రెండింటికీ సరిగ్గా అదే చోట అదే ఉబ్బు కనిపించి, పాతదనం వేషమని బయటపడుతుంది. నేను ముఖపత్రానికి ఫ్రెంచ్ కానన్ డెబ్బై పాయింట్లకు పెంచినప్పుడు ఈ సమస్య వచ్చింది. జంట అక్షరాల్లో ఒకదాన్ని గీతలుగా మార్చుకుని అంచులు చేత్తో సవరించుకోవలసి వచ్చింది. అరగంట పని, కానీ చేయక తప్పదు.

తెలుగు పక్కన పెట్టినప్పుడు సంగతేమిటి? మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి గనుక వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచుతాం. ఫెల్ ఫాంట్లలో చిన్నబడి (a, x వంటి) అక్షరాల ఎత్తు నేటి ఫాంట్ల కంటే తక్కువ. రెండింటినీ పన్నెండు పాయింట్లకే పెడితే ఇంగ్లిషు పేజీ వెలవెలబోయింది. తెలుగు పన్నెండు, ఇంగ్లిషు పదమూడున్నర, రెండింటికీ వరుసల ఎడం పద్దెనిమిది చేశాక పుస్తకం విప్పితే రెండు పేజీల నలుపూ సమంగా కుదిరింది. మండలి గీత దళసరికీ డీడబ్ల్యూ పైకా దళసరికీ చక్కని జోడీ. సూరన్న, పెద్దన ఫాంట్లతో కూడా వేసి చూశాను గానీ అంత సమంగా రాలేదు.

కొరతలు చెప్పాలి. బొద్దు అక్షరం లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతాన చేసే బొద్దును వాడితే అక్షరం వాచినట్టు ఉంటుంది, దానికి బదులు చిన్న పరిమాణపు పెద్దబడి అక్షరాల ఫాంటు వాడుకోవడమే సరైన మార్గం. మన రూపాయి గుర్తు లేదు. ఉత్తరాల్లో అణాలు, రూపాయలు అడుగడుగునా ఉన్నాయి గనుక పొడి అక్షరాలతో సరిపెట్టుకున్నాను. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది తెలుగు పేర్లను ఇంగ్లిషు లిపిలో శాస్త్రీయంగా రాసే పద్ధతి. దీర్ఘానికి మీద గీత, ట, డ, ణ, ళలకు కింద చుక్క ఉన్న అక్షరాలు ఇందులో లేవు. పద్యాలూ శాసనాలూ ఉదహరించే పరిశోధన గ్రంథానికి ఈ ఒక్క కారణంగానే ఈ ఫాంటు పనికిరాదు. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులో పొదగడం మరచిపోవద్దు. నా మొదటి ఫైలును ఒక ప్రెస్సులో తెరిచినప్పుడు ఇంగ్లిషు పేజీలన్నీ వేరే అక్షరంలోకి మారి, ప్లేటు దాకా వెళ్లాక గానీ ఎవరూ గమనించలేదు. రెండు ఫారాల ప్లేట్లు వృథా అయ్యాయి.

మళ్లీ ఫెల్ దగ్గరికి వస్తాను. ఆయన పేరు మోసే ఫాంటును పొగిడేటప్పుడు ఆయన చేసిన తప్పులను దాచడం న్యాయం కాదు. ముద్రణాలయం చేతిలో ఉన్నవాడికి ఇతరుల మాటల మీద అధికారం వస్తుంది, ఫెల్ దాన్ని వాడుకున్నారు. ఆంథొనీ వుడ్ అనే చరిత్రకారుడు ఏళ్ల తరబడి శ్రమించి ఆక్స్‌ఫర్డ్ చరిత్ర రాస్తే, దాన్ని లాటిన్‌లోకి మార్పించి 1674లో వేసినప్పుడు ఫెల్ తన ఇష్టం వచ్చినట్టు మార్పులు చేశారు. తత్త్వవేత్త థామస్ హాబ్స్‌ను నిందించే మాటలు రచయితకు ఇష్టం లేకపోయినా చేర్పించారు. హాబ్స్ బహిరంగంగా నిరసన తెలిపితే, ఆ పుస్తకంలోనే ఇంకా పరుషమైన సమాధానం అచ్చు వేయించారు. ఇంతకంటే బాధ కలిగించేది ఫెల్ కళాశాలకే చెందిన తత్త్వవేత్త జాన్ లాక్ విషయం. 1684 నవంబరులో రెండవ చార్లెస్ రాజు తరఫున లాక్‌ను కళాశాల నుంచి తొలగించమని ఆదేశం వచ్చింది. లాక్‌ను ఏళ్లుగా కనిపెట్టి ఉన్నాననీ, ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆయన ఒక్క మాట అన్నట్టు ఎవరూ చెప్పలేకపోయారనీ ఫెల్ స్వయంగా జవాబు రాశారు. ఆ తరువాత రాజాజ్ఞ ఖాయమని తెలియగానే, ఆ నెలలోనే విచారణ లేకుండా లాక్ పేరు కొట్టేశారు. తన తల్లినీ తండ్రినీ ఆజ్ఞాపత్రంతో గెంటివేసిన రోజును చూసినవాడు మరొకరిని అదే పద్ధతిలో తొలగించడం నాకు మింగుడుపడదు. సంస్థను కాపాడాలంటే రాజుకు లొంగక తప్పదని అనుకుని ఉండవచ్చు. లాక్ అప్పటికి హాలండులో ఉన్నాడు గనుక ప్రాణహాని లేదు. అయినా అది అన్యాయమే.

ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో ఫెల్ పేరు ఇప్పటికీ నోళ్లలో నానుతున్నది ఈ గొప్ప పనుల వల్ల కాదు. టామ్ బ్రౌన్ అనే అల్లరి విద్యార్థిని బహిష్కరించబోతూ, లాటిన్ కవి మార్షియల్ చాటువు ఒకటి అప్పటికప్పుడు అనువదిస్తే క్షమిస్తానని డీన్ అన్నారట. నీవంటే నాకిష్టం లేదు, ఎందుకో చెప్పలేను అన్న భావం గల ఆ పద్యంలో కవి శత్రువు పేరు తీసి డాక్టర్ ఫెల్ పేరు పెట్టి విద్యార్థి వినిపించాడట. కథ ఎంత నిజమో గానీ పద్యం పిల్లల పాటలా నిలిచిపోయింది.

ఫెల్ తాను బతికి ఉండగానే 1675లో ఆక్స్‌ఫర్డ్ మొదటి ఇంగ్లిషు బైబిలును వేయించారు. వ్యాపారం బరువైనప్పుడు 1678లో బైబిళ్ల హక్కును కొందరు లండన్ పుస్తక విక్రేతలకు ఇచ్చారు. వారిలో ఒకడైన థామస్ గై ఆ తరువాత లండన్‌లో తన పేరుతో ఆసుపత్రి స్థాపించాడు. ప్రతి కొత్త సంవత్సరానికీ ఒక ప్రాచీన గ్రంథాన్ని అచ్చు వేయించి తన కళాశాల విద్యార్థులకు కానుకగా పంచేవారు. గోడకు తగిలించుకునే ఆక్స్‌ఫర్డ్ పంచాంగం కూడా 1674లో ఆయన ముద్రణాలయంలోనే మొదలైంది. 1686 జూలై 10న మరణించేటప్పుడు తాను కూడబెట్టిన టైపునూ, అక్షరాలు పోసే సామగ్రినీ విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చారు. పద్దెనిమిదవ శతాబ్దంలో కొత్త ఫ్యాషన్లు వచ్చి అవి మూలపడ్డాయి. 1870ల చివర వూస్టర్ కళాశాలకు చెందిన సి. హెచ్. ఓ. డేనియల్ అనే ఆచార్యుడు తన ఇంటి ముద్రణ యంత్రం మీద వాటిని మళ్లీ వాడేసరికి వాటి అందం లోకానికి తెలిసింది. మధ్యలో దాదాపు ఒక శతాబ్దం ఎవరూ పట్టించుకోకపోయినా అవి పోలేదు, కరిగి తూకానికి వెళ్లలేదు. ఒక సంస్థ ఆస్తిగా లెక్కలో ఉండడమే వాటిని కాపాడింది. కొన్న వ్యక్తి వాటిని తన వారసులకు కాక విశ్వవిద్యాలయానికి వదలడం వల్లే ఈరోజు నా కంప్యూటరు దాకా వచ్చాయి.

అందుకే ఒక అధికారి పేరు అక్షరాల మీద ఉండడం సబబేనని నేననుకుంటాను, అయితే అదొక్కటే ఉండడం సబబు కాదు. ఉక్కు మీద వంగి రోజుకు ఒకటో రెండో అక్షరాలు చెక్కిన వాల్‌పెర్గెన్ పేరు డీడబ్ల్యూ పైకాలో రెండు పొడి అక్షరాలుగా మాత్రమే మిగిలింది, అదీ తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఉత్తరాల పుస్తకం చివరి పేజీలో ముద్రణ వివరాలు ఇస్తూ, ఇంగ్లిషు పాఠం పీటర్ డి వాల్‌పెర్గెన్ చెక్కిన, జాన్ ఫెల్ పేరు మోసే, ఇగీనో మారీనీ కంప్యూటరుకు ఎక్కించిన అక్షరాల్లో ఉందని తెలుగులో మూడు పంక్తులు వేశాను. పుస్తకం చేతికి వచ్చిన రోజున ఆ ఇంటి పెద్దావిడ ముందు ఆ పేజీనే తీసి, ఈ ముగ్గురూ మన బంధువులా అని అడిగారు.